డీజిలు పుల్ల

మా ఊరి ఫైరు స్టేషను కాలవ గట్టు మీద ఉండేది. ఒకవైపు తాలూకాఫీసు, ఇంకోవైపు కొబ్బరికాయల కొట్లు, వెనకాల ఫైరువాళ్ళ క్వార్టర్లు. మండలాలు వచ్చి ఎన్నేళ్ళయినా మా పెద్దవాళ్ళ నోట్లో అది తాలూకాఫీసే. క్వార్టర్ల వరసలో చివరి ఇల్లు మాది. నాన్న డ్రైవర్ ఆపరేటర్. ఇంజను తోలుకెళ్ళడంతో ఆయన పని అయిపోదు. మంట దగ్గర బండి ఆపాక పంపు నడిపేదీ ఆయనే. మిగతావాళ్ళు గొట్టాలు పట్టుకుని మంటకి ఎదురెళ్తే, ఆయన బండి పక్కనే నిలబడి గేజీ చూసుకుంటూ నీళ్ళ ఒత్తిడి పెంచుతూ తగ్గిస్తూ ఉండాలి. "మీ నాన్న మంటలార్పడంట, పంపు తిప్పుతాడంట" అని బళ్ళో నన్ను ఏడిపించేవారు. ఆ పంపు ఆగితే ముందున్నవాడి చేతిలో ఉత్త గొట్టం మిగుల్తుందని వాళ్ళకేం తెలుసు.

1980ల చివర్నించి 1996 తుపాను దాకా నా చిన్నతనమంతా ఆ ఆవరణలోనే గడిచింది. వాచ్‌రూములో ఒక నల్ల ఫోను, పెద్ద పెద్ద రిజిస్టర్లు, గోడకి జిల్లా మ్యాపు. బయట ఇత్తడి గంట. ఆరేసిన కాన్వాసు గొట్టాలు స్తంభం మీద నుంచి కిందిదాకా వేలాడుతుంటే వాటి మధ్య దాగుడుమూతలాడేవాళ్ళం. పొద్దున్నే రోల్ కాల్ అయ్యాక డ్రిల్లు. నీళ్ళు పైకి చిమ్మి, గాలికి తిరిగి మా మీద జల్లులా పడేవి. ఊళ్ళో ఇంకే పిల్లలకీ లేని భోగం మాకు అదొక్కటే.

కోనసీమంటే సినిమాల్లో చూపించే పచ్చదనం అందరికీ తెలుసు. ఆ పచ్చదనం ఎండితే ఎలా మండుతుందో ఫైరువాళ్ళ పిల్లలకి తెలుసు. తాటాకు ఇళ్ళు, కొబ్బరాకు దడులు, గడ్డిమేట్లు, పీచు గుట్టలు. మార్చి నెలాఖరుకి పల్లెలన్నీ పొయ్యి పక్కన ఆరబెట్టుకున్న చితుకుల్లా ఉండేవి. సరిగ్గా అప్పుడే కాలవలు కట్టేసేవారు. దాళ్వా పంట చేతికొచ్చాక ధవళేశ్వరం దగ్గర నీళ్ళు ఆపేసి, పూడికలు తీసుకోవడానికీ లాకులు బాగుచేసుకోవడానికీ ఏప్రిల్, మే నెలలు వదిలేస్తారు. సేద్యానికి అదే సరైన అదును. మాకు మాత్రం ఏడాదిలో ఎక్కువ ఇళ్ళు కాలే రెండు నెలల్లోనూ కాలవలో బురద తప్ప ఏమీ ఉండేది కాదు.

ఇంజనులో పట్టేది నాలుగున్నర వేల లీటర్లు. వినడానికి చాలానే అనిపిస్తుంది. ఒక్క గొట్టంతో కొడితే పది నిమిషాలొస్తాయి. రెండు పెడితే అయిదే. ఆ తర్వాత దగ్గర్లో ఏ చెరువుంటే అందులో సక్షన్ గొట్టం దింపాలి. గుర్రపుడెక్క లాక్కోకుండా దాని మూతికి వెదురుబుట్ట కట్టాలి. వేసవిలో నీళ్ళుండే చెరువు ఊరందరూ తాగే మంచినీళ్ళ చెరువే. అందులో గొట్టం వేస్తుంటే గట్టు మీద ఆడవాళ్ళు అడ్డం పడేవారట. పక్కపేటలో ఇళ్ళు కాలుతున్నాయని చెప్తే, "ఆర్పేసి మీరెళ్ళిపోతారు బాబూ, వానలొచ్చేదాకా మేమేం తాగాలి?" అనేవారట. తప్పెవరిదని చెప్తాం.

ఫోను చేసి పిలిచినవాళ్ళు తక్కువ. పల్లెల్లో ఫోనుండేది పోస్టాఫీసులోనో ప్రెసిడెంటుగారింట్లోనో. ఎక్కువగా ఎవడో కుర్రాడు సైకిలు తొక్కుకుంటూ రొప్పుతూ వచ్చి, "బేగి రండి బాబూ, కొంపలు తగలడిపోతన్నాయండీ" అని గేటు దగ్గరే కూలబడేవాడు. దాన్ని వాళ్ళు రన్నింగ్ కాల్ అనేవారు. టైము వేసి రిజిస్టర్లో రాసేలోపలే గంట మోగేది, బండి కదిలేది. కుర్రాణ్ణి కూడా క్యాబిన్లో కూచోబెట్టుకునేవారు, దారి చెప్పడానికి. కాని అతను తొక్కుకుంటూ వచ్చిన అరగంటా ఎక్కడికి పోతుంది? బండి చేరేసరికి జనం అరటి బోదెలూ తడి గోనెలూ పక్కింటి కప్పుల మీద పడేసి, పశువుల పలుపులు కోసి వదిలేసి, కాలాల్సినవి కాలిపోతుంటే చూస్తూ నిలబడేవారు. "వచ్చారయ్యా, బూడిదకి బొట్టెట్టడానికి" అనేవాడొకడు ఎప్పుడూ ఉండేవాడు. రెండుమూడుసార్లు రాళ్ళు కూడా పడ్డాయి. పగిలిన అద్దంతో తిరిగొచ్చిన రాత్రి నాన్న అన్నం ముందు కూచుని, "ఆళ్ళ స్థానంలో ఉంటే నేనైనా ఇసిరేవాణ్ణే" అన్నాడు.

ఆ అద్దం నెలలకి నెలలు అలాగే ఉండిపోయింది. డబ్బు సంగతి నాకు మొదట తెలిసింది ఆ అద్దం వల్లే. అద్దానికి అంచనా వెయ్యాలి, పైకి పంపాలి, మంజూరవ్వాలి, బిల్లు పెట్టాలి, ట్రెజరీలో పాసవ్వాలి. టైరుకీ అంతే. చిరిగిన గొట్టానికి కొత్తది రాదు కాబట్టి సైకిలు షాపు నుంచి రబ్బరు తెచ్చి అతుకులేసేవారు. అన్నిటికన్నా డీజిలు కష్టం. క్వార్టరుకింతని వచ్చే డబ్బు వేసవికి చాలేది కాదు. మంటలు క్వార్టర్లు చూసుకుని రావు కదా. బండిలో డీజిలు గేజీ ఏనాడో పాడైపోయింది. నాన్న ఒక వెదురుపుల్ల చెక్కి దాని మీద మూడు గాట్లు పెట్టుకున్నాడు. మొదటి గాటు దాకా ఉంటే ఊళ్ళో కాల్‌కి సరిపోతుంది. రెండోది చుట్టుపక్కల ఊళ్ళకి. మూడోది లంకల దాకా వెళ్ళి రావడానికి. పొద్దున్నే ట్యాంకులో ఆ పుల్ల ముంచి తీసి చూసేవాడు. ఆయన మొహం చూసి ఏ గాటో మా అమ్మ చెప్పేసేది.

మూడో గాటు దాకా ఎలా నిండేదో తర్వాత తెలిసింది. మా ఊరి కొబ్బరి వ్యాపారి ఒకాయన పెట్రోలు బంకులో తన ఖాతా మీద ఫైరింజనుకి డీజిలు పోయమని చెప్పి ఉంచాడు. బిల్లు పాసయ్యాక స్టేషన్ ఆఫీసరుగారు తీర్చేసేవారు. ఆయన ధర్మప్రభువని ఊరంతా చెప్పుకునేది. అందులో అబద్ధమేమీ లేదు, వడ్డీ కూడా అడిగేవాడు కాదు.

ఒక మే నెల మధ్యాహ్నం, వడగాలి ఈడ్చి కొడుతున్నప్పుడు, ఒక పేట నుంచి కుర్రాడు సైకిలు మీదొచ్చాడు. బండి గేటు దాటుతుండగా ఆ వ్యాపారి గుమాస్తా పరిగెత్తుకొచ్చి అడ్డం నిలబడ్డాడు. పీచు గోడౌను అంటుకుందిట, ఊరి చివరే, రెండు నిమిషాల దూరం. మేం పిల్లలమంతా గేటు దగ్గరే ఉన్నాం. స్టేషన్ ఆఫీసరుగారు క్యాబిన్లోంచి తల బయటికి పెట్టి, "మనుషులెవరన్నా లోపలున్నారా?" అని అడిగారు. లేరన్నాడు గుమాస్తా. "అయితే ముందొచ్చిన కాల్ ముందు. పోనీవయ్యా" అన్నారు నాన్నతో. గుమాస్తా బండి వెంట కొంతదూరం పరిగెత్తాడు. "అయ్యగారి డీజిలండీ అది, అయ్యగారి డీజిలు పోసుకుని ఎక్కడికండీ?" అని ఆయన అరిచిన అరుపు నాకిప్పటికీ గుర్తే.

పేటలో సగం ఇళ్ళు దక్కాయి. కొక్కేలతో పక్కిళ్ళ తాటాకు లాగేసి మంట దూకకుండా మధ్యలో ఆపారట. గోడౌను దక్కలేదు. కొబ్బరి పొట్టు అంటుకుంటే పైకి ఆరినట్టే ఉంటుంది, లోపల రోజుల తరబడి కుములుతూనే ఉంటుంది. ఇంజను రోజూ పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి వెళ్ళి తడిపి వచ్చేది. ఆ వారమంతా ఊళ్ళో ఆరేసిన బట్టలన్నీ పొగవాసనే. వ్యాపారి ఎవర్నీ ఒక్క మాట అనలేదు. మరుసటి నెల మాత్రం బంకువాడు డీజిలు పొయ్యలేదు. ఎవరో మధ్యవర్తిత్వం చెయ్యబోతే ఆయన, "ప్రభుత్వం బండిని నేనాపగలనా? నా ఖాతా నేను ఆపుకున్నానంతే" అన్నాడట. కాదనడానికేముంది.

అప్పట్నించి డ్రిల్లు ఆగిపోయింది, మా నీళ్ళ జల్లుతో సహా. పంపు రోజూ తిప్పకపోతే బిగుసుకుపోతుందని నాన్న బెంగపడేవాడు. స్టేషన్ ఆఫీసరుగారు సొంత జేబులోంచి కొంత, సిబ్బంది తలా కొంత వేసుకుని రెండో గాటు దాకా నింపి ఉంచేవారు. మా అమ్మకి ఇది తెలిసిన రోజు క్వార్టర్లన్నీ వినిపించేలా అడిగింది: "ప్రభుత్వం మీకు జీతమిస్తోందా, మీరే ప్రభుత్వానికి జీతమిస్తున్నారా?" నాన్న జవాబు చెప్పకుండా చొక్కా తగిలించుకుని స్టేషనుకి వెళ్ళిపోయాడు. డ్యూటీ ఎలాగూ ఇరవైనాలుగు గంటలదే.

ఈ కథ విన్నవాళ్ళు కొందరు, ఆ రోజుల్లో ఊళ్ళే ఆదుకునేవి, ఇప్పుడా మంచితనమేదీ అని నిట్టూరుస్తారు. నాకది ఒప్పుదల కాదు. ఫైరింజను ఒకరి మంచితనం మీద నడిస్తే, అది ఎవరింటికి ముందు వెళ్ళాలన్న ప్రశ్న ఆ మంచితనంతోనే పుడుతుంది. మా స్టేషన్ ఆఫీసరుగారిది గట్టి గుండె కాబట్టి పేట దక్కింది. ఆయన స్థానంలో వచ్చే వేసవి ట్యాంకు గురించి భయపడే మనిషుంటే? ఆ భయం తప్పని కూడా అనలేం. ఎవరికీ బాకీ పడకుండా గేటు దాటడానికే ప్రభుత్వం డబ్బు.

1995 జనవరి 8న పాశర్లపూడిలో ఓఎన్‌జీసీ తవ్వుతున్న బావి పేలింది. గ్యాసు పైకి తన్ని అంటుకుంది. మా ఊరికి చాలా దూరమే అయినా రాత్రి డాబా ఎక్కితే ఆకాశం ఒక మూలంతా ఎర్రగా కనపడేది. ఆ చుట్టుపక్కల పల్లెలు ఖాళీ చేయించారు. కొబ్బరిచెట్లు నిలువునా మాడిపోయాయి. జనం తీర్థానికి వెళ్ళినట్టు వెళ్ళి చూసొచ్చేవారు. నాన్నని కూడా కొన్నాళ్ళు అక్కడికి డ్యూటీ వేశారు. తిరిగొచ్చాక మేం పక్కనే నిలబడి పిలిచినా పలికేవాడు కాదు. ఆ హోరు చెవుల్లోనే ఉండిపోయింది. మొహం మీద చర్మం పొట్టు లేచింది. "అది ఆర్పే మంట కాదే అమ్మాయ్, మూత పెట్టాల్సిన మంట" అని చెప్పాడు. అమెరికాలో టెక్సాస్ నుంచి బావిమంటలార్పే నిపుణులొచ్చారు. క్రేన్లు, పంపులు, వేడికి తట్టుకునే రేకుల అడ్డాలు, ఎంత నీళ్ళు కావాలంటే అంత. రెండు నెలలు దాటాక మార్చి 15కి అదుపులోకొచ్చింది.

నాన్న అక్కణ్ణించి అసూయ తెచ్చుకోలేదు, ఆశ్చర్యం తెచ్చుకున్నాడు. వాళ్ళు ఒక గొట్టం కాస్త చిరిగితే పక్కన పడేసి కొత్తది విప్పుతున్నారట. ఆ పక్కన పడేసినవాటిలో ఒకటి అడిగి తెద్దామనిపించిందట గానీ నోరు రాలేదట. చమురు కంపెనీకి మంటంటే తన సొత్తు తగలడిపోవడం. అందుకే మంటార్పే ఖర్చు వాళ్ళ లెక్కలో ముందే ఉంటుంది. తాటాకు పేటకి ఆ లెక్క రాసేవాళ్ళెవరు? ఆ గ్యాసు గొట్టాలు మాత్రం మా పల్లెల కిందనుంచే పోతాయి. అదే మామిడికుదురు మండలంలో, పాశర్లపూడి పక్కనే నగరంలో 2014 జూన్ 27 తెల్లవారుజామున గెయిల్ పైపులైను పేలి ఇరవైమందికి పైగా ప్రాణాలు పోగొట్టుకున్నారు. అప్పటికి నాన్న రిటైరయ్యాడు. టీవీ ముందు నుంచి ఆ రోజంతా లేవలేదు.

1996 నవంబరు 6 రాత్రి తుపానుకి మంటలతో పనిలేదు. తెల్లారేసరికి రోడ్డన్నది కనపడలేదు. కొబ్బరిచెట్లు ఒకదాని మీద ఒకటి పడి కాలవలకి వంతెనలు కట్టినట్టున్నాయి. వెయ్యిమందికి పైగా చనిపోయారని తర్వాత లెక్క తేలింది. ఆ పొద్దున స్టేషను నుంచి బయలుదేరినవాళ్ళ చేతుల్లో గొడ్డళ్ళూ, తాళ్ళూ, పక్క వడ్రంగి దగ్గర ఎరువు తెచ్చుకున్న రంపాలూ ఉన్నాయి. కరెంటు రంపమన్నది ఊళ్ళోనే లేదు. వందగజాలు దారి చెయ్యడానికి పూటలు పట్టేవి. దారి చేస్తేనే గదా, అవతల పడున్నవాళ్ళని ఆస్పత్రికి చేర్చేది. చేర్చడానికి అంబులెన్సన్నది లేదు. మంచం మీద మోసుకొచ్చినవాళ్ళని ఫైరింజను మీదెక్కించి తీసుకెళ్ళారు. నాన్న ఎన్ని రోజులకి ఇంటికొచ్చాడో గుర్తులేదు గానీ అరచేతుల బొబ్బలకి అమ్మ కొబ్బరినూనె రాయడం గుర్తుంది. తర్వాత డబ్బొచ్చింది. ప్రపంచబ్యాంకు అప్పుతో తుపాను ప్రాజెక్టని పెట్టారు, షెల్టర్లు లేచాయి, రోడ్లు పడ్డాయి. మంచిదే. వెయ్యిమంది పోయాక వచ్చింది.

ఇంతా చెప్పి నేనేమయ్యానంటే, ట్రెజరీ ఉద్యోగినయ్యాను. సబ్ ట్రెజరీలో గుమాస్తాగా చేరాను. నాన్న బిల్లులు వెనక్కి పంపిన బల్లకి అవతలివైపు కూచున్నానని ఇంట్లో ఇప్పటికీ హాస్యమాడతారు. చేరిన కొత్తలో పద్దుల పుస్తకం తిరగేస్తుంటే ఫైరు డిపార్టుమెంటు ఎక్కడుందో వెతుక్కున్నాను. 2070, ఇతర పరిపాలనా సేవలు. దాని కింద చిన్నపద్దు 108, అగ్నిమాపక రక్షణ. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో అంబులెన్సులకి 108 నంబరు పెట్టినప్పుడు ట్రెజరీలో మేం కొందరం నవ్వుకున్నాం. మా పుస్తకంలో 108 అంటే ఎప్పట్నించో మంటలు. ఆ అంబులెన్సులు మా లంకల దాకా వచ్చాయి, ఎన్నో కాన్పులు దారిలోనే అయ్యాయి. ప్రభుత్వం తలుచుకుని డబ్బు పెడితే పిలిచిన బండి వస్తుందని మా ఊరివాళ్ళు మొదటిసారి నమ్మింది అప్పుడే.

ఫైరు ఖర్చంతా నాన్ ప్లాన్ కింద ఉండేది. కొత్త ప్రాజెక్టులన్నీ ప్లాన్, ఉన్నదాన్ని నడిపించుకోవడం నాన్ ప్లాన్. పొదుపు చెయ్యాలని ఎప్పుడు ఉత్తర్వొచ్చినా ముందు కోత పడేది ఇక్కడే. 2017లో ఆ రెండు ఖానాల తేడా తీసేశారు, ఖజానా స్వభావం మాత్రం ఒక ఉత్తర్వుతో పోయేది కాదు. నా బల్ల మీదికొచ్చిన ఫైరు రిపోర్టుల్లో రెండు గడులుండేవి: నష్టపోయిన ఆస్తి విలువ, కాపాడిన ఆస్తి విలువ. మొదటి గడి చూసి తహశీల్దారు బియ్యమూ డబ్బూ మంజూరు చేస్తాడు, మంత్రులొస్తారు, పేపర్లో పడుతుంది. రెండో గడి చూసి ఎవరూ ఏమీ మంజూరు చేసినట్టు నేనెరగను. అంతర్వేది రథం 2020 సెప్టెంబరులో కాలిపోతే కొత్త రథానికి డబ్బు ఆలస్యం కాలేదు. మరుసటి ఫిబ్రవరికల్లా రథం సిద్ధమైంది. భక్తుల బాధ తీరింది, సంతోషమే. అలాంటి తొందర మంటకి ముందు ఎప్పుడైనా చూద్దామని ఉంది.

అలా అనుకుంటుండగానే కొంత కదిలింది కూడా. పదిహేనో ఆర్థిక సంఘం చెప్పిన మీదట కేంద్రం 2023లో రాష్ట్రాల ఫైరు సర్వీసుల కోసమే 5,000 కోట్ల పథకం పెట్టింది. మనలాంటి రాష్ట్రాలు తమ వంతు 25 శాతం కలపాలి. నాన్నకి ఆ వార్త చదివి వినిపించాను. "బళ్ళొస్తాయా?" అన్నాడు. వస్తాయన్నాను, స్టేషన్లు కూడా కడతారు. "బళ్ళకిచ్చినవాళ్ళు డీజిలుకి కూడా ఇస్తారా?" అన్నాడు. పథకం విస్తరణకీ ఆధునికీకరణకీ, రోజువారీ ఖర్చు మామూలుగా రాష్ట్రం పద్దులోంచే పోవాలి అన్నాను. ఆయన తల పంకించాడు. ఆ తల పంకింపు పొద్దున్నే ట్యాంకు దగ్గర చూసినదే.

ఏటా ఏప్రిల్ 14 నుంచి వారం రోజులు అగ్నిమాపక వారోత్సవాలు. 1944లో అదే రోజున బొంబాయి రేవులో మందుగుండు ఓడ పేలి, ఆర్పడానికెళ్ళిన ఫైరు సిబ్బంది అరవైమందికి పైగా చనిపోయారు. వాళ్ళ జ్ఞాపకార్థం స్టేషన్లో పాత ఉద్యోగుల్ని పిలుస్తారు. మొన్న వారోత్సవానికి నాన్నతో నేనూ వెళ్ళాను. కొత్త బండి మెరుస్తోంది, గేజీలన్నీ డిజిటల్. స్టేషన్ ఆఫీసరు చిన్నవాడు, మర్యాదస్తుడు. నాన్నని క్యాబిన్ ఎక్కించి అన్నీ చూపించాడు. దిగాక నాన్న అతన్ని పక్కకి పిలిచి, బిల్లులు టైముకి పాసవుతున్నాయా బాబూ అని అడిగాడు. అతను నావైపు చూసి నవ్వాడు, "మేడంగారినే అడగండి సార్" అని.

"ఇప్పుడు మా చేతుల్లో ఏమీ లేదు నాన్నా. అన్నీ ఆన్‌లైన్లోనే. ఇక్కణ్ణించి పంపుతాం, పైన వరసలో నిలబడతాయి. ఏది ఎప్పుడు పాసవుతుందో మాకూ తెలీదు."

"సరేలే, వరసలో నిలబడనీ" అన్నాడు నాన్న. "అందాకా బంకువాడికి ఎవరు చెప్తున్నారు?"

స్టేషన్ ఆఫీసరు జవాబు చెప్పకుండా, టీ చల్లారిపోతోంది రండి సార్ అన్నాడు.